ఆ అమ్మాయి ముందే ఎందుకు చెప్పలేదు?

ప్రశ్న: మేడమ్, నా వయసు 36. పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రంలోని ప్రభుత్వరంగ బ్యాంకు బ్రాంచిలో అధికారిగా పనిచేస్తున్నాను. పనిలో నన్ను వేలెత్తి చూపే అవకాశం ఎవరికీ ఇవ్వను. సర్క్యులర్లు నాకు కంఠతా వచ్చు. ఆడిట్‌లో నా పని మీద ఇంతవరకు ఒక్క అభ్యంతరం రాలేదు. అయినా రెండుసార్లు ప్రమోషన్ ఇంటర్వ్యూలో వెనకబడ్డాను. "పని బాగా తెలుసు, మనుషులతో మెలగడం తెలియదు" అని మా మేనేజర్ గారు ముఖం మీదే చెప్పారు.

గత నెల ఒక సంఘటన జరిగింది. ఒక రైతుకు మిర్చి అమ్మిన డబ్బు 1,85,000 రూపాయలు జమ కావాలి. ఎనిమిది నెలల కిందట చేరిన క్లర్కు అమ్మాయి ఖాతా నంబరులో ఒక అంకె తప్పు కొట్టడంతో ఆ డబ్బు వేరొకరి ఖాతాలో పడింది. ఆ సాయంత్రమే ఆమెకు సంగతి తెలిసింది. ఎవరికీ చెప్పకుండా ఆ ఖాతాదారుకు తనే ఫోన్లు చేస్తూ కూర్చుంది. మర్నాడు పదకొండు గంటలకు రైతు వచ్చి అడిగేదాకా నాకు తెలియదు. అప్పటికే ఆ ఖాతాలోంచి 40,000 తీసేశారు. హాలులో అందరి ముందూ "ముందే ఎందుకు చెప్పలేదు? ఇంత బాధ్యత లేకుండా ఉద్యోగం ఎలా చేస్తావు?" అని అరిచాను. ఆమె ఏడ్చింది, మూడు రోజులు సెలవు పెట్టింది. డబ్బు వారం రోజుల్లో తిరిగి వచ్చింది గాని, అప్పటి నుంచి బ్రాంచిలో నాతో ఎవరూ అవసరానికి మించి మాట్లాడడం లేదు. ఇంట్లోనూ అంతే. నా బండి చప్పుడు వినగానే మా పాప టీవీ ఆపేస్తుంది.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ శిక్షణ అంటూ ఒక మిత్రుడు 12,000 రూపాయల కోర్సులో చేరమంటున్నాడు. చేరమంటారా? తప్పు చేసినవారిని ఏమీ అనకూడదా? లేని నవ్వు ముఖానికి పులుముకోవాలా? ఈ వయసులో స్వభావం మారుతుందా?
— ఒక పాఠకుడు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ అమ్మాయి గురించి బాధపడ్డాను, రెండోసారి మీ గురించి. పాప టీవీ ఆపేస్తుందన్న మాట రాయకపోయినా మీ ప్రశ్నకు లోటు ఉండేది కాదు. అయినా రాశారంటే అది మిమ్మల్ని లోపల కోస్తోంది. మారగలనా అని అడిగేవారిలో నేను మొదట వెతికేది ఆ కోతనే. అది మీలో ఉంది.

ముందు మీరు హాలులో అడిగిన ప్రశ్న తీసుకుందాం. "ముందే ఎందుకు చెప్పలేదు?" బ్యాంకు పనిలో ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న లేదు. కాకపోతే మీరు దాన్ని జవాబు కోసం అడగలేదు, దెబ్బ కొట్టడానికి అడిగారు. ఇప్పుడు జవాబు కోసం అడగండి. ఆ సాయంత్రం తప్పు తెలిసిన అమ్మాయికి మీరు పది అడుగుల దూరంలో ఉన్నారు. ఆ పది అడుగులు నడిచి రావడం కన్నా, ముక్కూ ముఖం తెలియని మనిషికి ఫోను చేసి బతిమాలుకోవడమే ఆమెకు తేలిక అనిపించింది. ఆ పది అడుగుల్లో ఏముంది?

ఎనిమిది నెలలుగా ఆమె చూస్తున్న మీ కోపం ఉంది.

ఇది మిమ్మల్ని నిందించడానికి చెప్పడం లేదు. నష్టం లెక్క వేయండి, మీకే తెలుస్తుంది. ఆ సాయంత్రమే చెప్పి ఉంటే అప్పటికప్పుడే ఆ ఖాతాలో లావాదేవీలు ఆపేసేవారు. ఒక్క రూపాయి కూడా బయటికి వెళ్లేది కాదేమో. ఒక అంకె తప్పు పడటం ఒక క్షణం పని. ఆ తప్పు సంగతి మీ చెవిన పడటానికి ఒక రాత్రి పట్టింది. 40,000 పోయింది ఆ రాత్రిలో. మీ కోపం వల్ల ఆమె తప్పులు చేయడం తగ్గలేదు, తప్పులు మీకు చెప్పడం తగ్గింది. కోపధారి అధికారికి జరిగే అసలు నష్టం ఇదేనని నా నమ్మకం. అతనికి చెడ్డపేరు వస్తుందని కాదు, అతనికి ఏమీ తెలియకుండా పోతుంది. బ్రాంచిలో అందరికీ తెలిసిన సంగతి అతనికి చివర తెలుస్తుంది.

మీ ఉత్తరంలో లేని ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకండి. 1,85,000 రూపాయల బదిలీ వోచరు ఒక్క క్లర్కు చేతి మీదుగా వెళ్లదు. ఆమె నమోదు చేస్తే, పైన ఒక అధికారి సరిచూసి పాస్ చేయాలి. ఆ రోజు దాన్ని పాస్ చేసింది ఎవరు? మీరే అయితే, ఖాతా నంబరూ పేరూ సరిపోల్చే ఆఖరి అవకాశం మీ చేతిలోనే ఉంది. మీరే అయి ఉంటారని నా అనుమానం. ఎందుకంటే అంత పెద్ద అరుపు సాధారణంగా ఎదుటివారి తప్పు నుంచి పుట్టదు. ఆడిట్‌లో ఇంతవరకు ఒక్క అభ్యంతరం కూడా రాని మనిషికి, తన సంతకం ఉన్న కాగితం మీద మచ్చ పడుతుందనిపించిన క్షణంలో వచ్చే అరుపు అది. అంటే మొదట వచ్చింది భయం. కోపం దాని వెనక వచ్చింది, వచ్చి భయాన్ని కప్పేసింది. పాస్ చేసింది మీరు కాకపోతే ఈ అనుమానానికి నన్ను క్షమించండి. అప్పుడు కూడా ఆ క్షణంలో కోపం కింద ఏముందో ఒకసారి తీసి చూడండి.

మీరు అడిగిన ఎమోషనల్ ఇంటెలిజెన్స్ మొదలయ్యేది ఇలా తీసి చూడటంతోనే. తెలుగులో భావోద్వేగ ప్రజ్ఞ అంటున్నారు. ఆ మాటకు మన దగ్గర మంచితనం, మృదువుగా మాట్లాడటం, ఎప్పుడూ నవ్వుతూ ఉండటం అని అర్థాలు తగిలించేశారు. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ప్రతిపాదించినప్పుడు చెప్పింది అది కాదు. తనలోనూ ఎదుటివారిలోనూ కలిగే భావాలను గుర్తుపట్టడం, వాటి మధ్య తేడా తెలుసుకోవడం, ఆ తెలివిడిని ఆలోచనకూ చేతకూ ఉపయోగించుకోవడం. ఇదొక సామర్థ్యం అన్నారు వాళ్లు. సామర్థ్యం అంటే లెక్కలు చేయడం లాంటిది, కొందరికి తేలిగ్గా వస్తుంది, మిగతావారు కష్టపడి నేర్చుకుంటారు. 1995లో డేనియల్ గోల్‌మన్ అనే పాత్రికేయుడు రాసిన పుస్తకంతో ఆ మాట ఆఫీసులన్నిటికీ పాకింది. దాని వెంటే "విజయంలో 80 శాతం దీనిదే" లాంటి ప్రకటనలూ పాకాయి. ఆ అంకెకు పరిశోధనలో ఆధారం లేదు. మీ మిత్రుడు చెప్పిన కోర్సు కరపత్రంలో ఇలాంటి శాతం కనబడితే ఆ 12,000 జేబులోనే ఉంచుకోండి. పని తెలియని మనిషి ఎంత బాగా మెలిగినా బ్యాంకు నడవదు. మీకు పని తెలుసు, శ్రద్ధ ఉంది, మాట మీద నిలబడతారు. వృత్తిలో రాణించడానికి ఈ శ్రద్ధ ఎంత ముఖ్యమో దశాబ్దాల పరిశోధన చెబుతూనే ఉంది. మీకు ఉన్నది తక్కువ ఆస్తి కాదు. దాన్ని నలుగురి దగ్గరికీ చేరనివ్వకుండా అడ్డుపడుతున్న ఒక్క అలవాటు గురించే మనం మాట్లాడుకుంటున్నాం.

తప్పులూ భయమూ అన్న విషయంలో ఒక పరిశోధన మీకు తప్పకుండా చెప్పాలి. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను అధ్యయనం చేశారు. బాగా కలిసి పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తిరగబడింది. మంచి వార్డులలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆమె తికమకపడి ఇంకా లోతుకు వెళ్లి చూస్తే తేలిందేమిటంటే, ఆ వార్డుల్లో నర్సులు పొరపాటు జరిగితే చెప్పగలుగుతున్నారు. పై నర్సు నోటికి భయపడే వార్డుల్లో పొరపాట్లు కాగితం మీదికి రావడం లేదు, రోగి ఒంట్లోనే ఉండిపోతున్నాయి. తర్వాత ఆమె ఒక తయారీ కంపెనీలో 51 పని బృందాలను పరిశీలించి 1999లో మరో పరిశోధన ప్రచురించారు. తప్పు ఒప్పుకుంటే, తెలియదంటే, సాయం అడిగితే తనను చిన్నచూపు చూడరన్న నమ్మకం ఉన్న బృందాలే నేర్చుకుంటాయి, నేర్చుకున్నవే బాగా పనిచేస్తాయి అని అందులో చూపించారు. దాన్ని మానసిక భద్రత అంటున్నారు ఇప్పుడు.

ఇది చదివినప్పుడు నాకు నా పాత బ్రాంచి కళ్లముందు కదిలింది.

నేను 33 ఏళ్లు బ్యాంకులో చేశాను. తొలిసారి మేనేజర్‌గా వెళ్లింది గోదావరి పక్కన ఒక చిన్న ఊరికి. ఆడమనిషి మేనేజర్ అని అలుసు చేస్తారేమోనన్న బెంగతో మొదటి రోజు నుంచే గొంతు పెంచి పనిచేశాను. రెండేళ్లు అలాగే గడిచాయి. ఒక ఉదయం బజారులో ఒక పెద్దాయన ఆపి, "మా ఆవిడ గొలుసు దొరికిందా అమ్మా?" అని అడిగాడు. నాకేమీ అర్థం కాలేదు. బ్రాంచికి వచ్చి ఆరా తీస్తే తేలింది. ఒకే పేరున్న ఇద్దరు బంగారం మీద అప్పు తీసుకున్నారు. ఒకరు అప్పు తీర్చేస్తే రెండో ఆవిడ ప్యాకెట్ ఇచ్చి పంపేశారు. తీసుకున్నావిడ ప్యాకెట్ విప్పకుండానే కూతురి ఊరు వెళ్లిపోయింది. మా వాళ్లకు మర్నాడే తెలిసింది. తొమ్మిది రోజులు నాకు తెలియకుండా ఇద్దరు ఉద్యోగులు వంతులు వేసుకుని బస్సుల్లో తిరుగుతున్నారు. నగ చివరికి దొరికింది. ఆ రోజంతా నేను నిప్పులు కురిపించాను.

సాయంత్రం మా అటెండరు టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లకుండా నిలబడ్డాడు. ఉద్యోగ విరమణకు నాలుగు నెలలున్న మనిషి. గ్లాసును టక్కున కాకుండా మెల్లగా, రెండు చేతులతో పెట్టడం అతని అలవాటు. "అమ్మగారూ, పొద్దున మీ గది ఊడ్చి బయటికి రాగానే అందరూ నన్ను ఒకటే అడుగుతారు, లోపల వాతావరణం ఎలా ఉందని. బాగాలేదంటే ఆ రోజు ఎవరూ మీ దగ్గరికి ఏదీ తీసుకురారు. ఈ తొమ్మిది రోజుల్లో బాగుందని చెప్పే రోజు ఒక్కటి కూడా రాలేదమ్మా" అన్నాడు. అని గ్లాసు మూత తీసి నా వైపు జరిపి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను క్రమశిక్షణ అనుకున్నదాన్ని వాళ్లు వాతావరణం అంటున్నారు. గొడుగు వేసుకోవడమో, బయటికి రాకపోవడమో తప్ప వాతావరణంతో మాట్లాడేది ఏముంటుంది?

మర్నాటి నుంచి నేను ఒకే ఒక్క పని మార్చుకున్నాను. ఎవరైనా చెడు వార్తతో నా గదిలోకి వస్తే, విషయం ఏదైనా సరే, నా నోటి నుంచి వచ్చే మొదటి మాట "కూర్చోండి." అంతే. వాళ్లు కుర్చీ లాక్కుని కూర్చునే ఆ నాలుగైదు సెకన్లు నాకు నేను ఇచ్చుకున్న గడువు. కూర్చున్న మనిషి మీద అరవడం నిలబడ్డ మనిషి మీద అరిచినంత తేలిక కాదు, మీరే చేసి చూడండి. ఆ తర్వాత రెండో మాట, "ముందు ఏది ఆపాలి?" డబ్బు ఆపాలా, నగ ఆపాలా, ఎవరికి ఫోను చేయాలి. ఎవరి తప్పు, ఎందుకు జరిగింది అన్నవి సాయంత్రానికి. మొదటి నెలలో ఎన్నోసార్లు ఆ మాట మరిచిపోయి మళ్లీ అరిచాను. ఆరో నెల చివర ఒక క్యాషియర్ మధ్యాహ్నం రెండింటికే వచ్చి, "మేడమ్, కట్టలో తేడా వచ్చేలా ఉంది, మీరొకసారి చూస్తారా" అన్నాడు. రోజు చివర లెక్క తేలకపోతే సొంత జేబులోంచి కట్టి ఊరుకునే మనిషి అతను. అప్పటిదాకా ఎన్నిసార్లు అలా కట్టి ఊరుకున్నాడో నాకు తెలియదు. అప్పుడు నా వయసు 41. కాబట్టి 36 ఏళ్లకు మారుతుందా అన్న మీ ప్రశ్నకు నా జవాబు మీకు తెలిసినట్టే. స్వభావం అంతా మారిందని చెప్పను, నాకు ఇప్పటికీ కోపం త్వరగా వస్తుంది. వచ్చిన తర్వాత ఏం చేస్తానన్నది మారింది.

కోపం వచ్చే క్షణాన్ని పట్టుకోవడం ఎలా అంటారేమో. ఒంటిని గమనించండి. కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరికి దవడ బిగుసుకుంటుంది, నాకైతే చేతిలో పెన్ను మూత తీసి పెట్టడం మొదలవుతుంది. అది మీకు ఏమిటో మీ భార్యను అడగండి, మీకంటే ఆవిడకు బాగా తెలిసి ఉంటుంది. గుర్తు దొరికాక, ఆ భావానికి సరైన పేరు పెట్టండి. ఇక్కడ మన భాష మనకు పెద్ద సాయం. కోపం అని ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. ఒకే సందేహం పదోసారి అడిగితే వచ్చేది విసుగు. ముఖ్యమైన పనిలో ఉండగా ఫోను మోగితే చిరాకు. మీకు రాని ప్రమోషన్ మీ తర్వాత చేరినవాడికి వస్తే అక్కసు. మన తప్పే బయటపడి, ఏమీ అనలేక, ఎదుటివారి మీద విరుచుకుపడితే అది ఉక్రోషం. దేని మందు దానిది. విసుగుకు కావలసింది ఒక గ్లాసు నీళ్లు, ఐదు నిమిషాల విరామం. అక్కసుకు కావలసింది మనసు విప్పి మాట్లాడే ఒక మిత్రుడు. ఉక్రోషానికి మాత్రం తప్పు ఒప్పుకోవడమే మందు, మరేదీ పనిచేయదు. పేరు పెట్టడం మాటల ఆట కాదు. 2007లో లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మనుషులకు కోపం, భయం నిండిన ముఖాల బొమ్మలు చూపిస్తూ మెదడును స్కాన్ చేసింది. ఆ భావానికి తగిన మాట ఎంచుకున్నప్పుడు, భయానికీ ప్రమాదానికీ స్పందించే అమిగ్డలా అన్న భాగం సద్దుమణిగింది. మీ వోచరు రోజున "నాకు భయంగా ఉంది, నా సంతకం ఉంది" అని లోపల ఒక్క వాక్యం అనుకోగలిగి ఉంటే అంత గొంతు లేచేది కాదని నేననుకుంటున్నాను.

లేని నవ్వు పులుముకోవాలా అని అడిగారు. వద్దు. అణచుకోవడం కూడా వద్దు. 2003లో ఎమిలీ బట్లర్, సహచరులు కలిసి ఒక ప్రయోగం చేశారు. పరిచయం లేని ఇద్దరిద్దరు మహిళలకు మనసును కలచివేసే చిత్రం చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకరిని మాత్రం తన భావాలు పైకి కనబడనివ్వవద్దన్నారు. అలా అణచుకున్న మనిషి ఎదురుగా కూర్చున్నావిడకు, ఏ సంగతీ తెలియకపోయినా, రక్తపోటు పెరిగింది. మీరు పళ్లు బిగించి "ఏం పర్వాలేదు" అంటే మీ క్లర్కుకు అది అరుపు కన్నా మెరుగ్గా ఏమీ వినబడదు. అణచుకోవడం బదులు సంగతిని మరో వైపు నుంచి చూడండి. "ఈ అమ్మాయి నన్ను ముంచింది" అన్న చోట "ఈ అమ్మాయి నాకన్నా ఎక్కువ భయపడి ఉంది, ఈమె దగ్గర నాకు కావలసిన సమాచారం ఉంది" అనుకోండి. ఇది అబద్ధం కాదు. నిజానికి ఇదే ఎక్కువ నిజం.

నవ్వు సంగతిలో ఇంకో మాట. విమానాల్లో పనిచేసే మహిళలు రోజంతా నవ్వు తెచ్చిపెట్టుకోవలసి రావడం కూడా ఒక శ్రమేనని 1983లోనే సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ రాశారు. కౌంటరులో మీరు చేసేదీ ఆ శ్రమే. ముగ్గురు చేయవలసిన పని ఒకరితో చేయిస్తూ, పైనుంచి బీమా పాలసీలు అమ్మమని సాయంత్రాలు ఫోన్లు చేస్తూ, ఉద్యోగికి భావోద్వేగ ప్రజ్ఞ లేదనడం అన్యాయం. అలసటకు ఓర్పు పాఠాలు మందు కావు. ఆ భారం గురించి మీ యూనియన్‌తోనూ, పై అధికారితోనూ లెక్కలతో సహా మాట్లాడండి, ఎంత పని, ఎంతమంది, ఎన్ని గంటలు అని. కోపం సరైన చోటికి వెళ్లినప్పుడు అది ఎంతో పనికొచ్చే వస్తువు. ఎనిమిది నెలల క్లర్కు ఆ చోటు కాదు.

కౌంటరు ముందున్నవారికి నవ్వు కన్నా ఎక్కువ అవసరమైనది ఒకటుంది, ఇక ఏం జరగబోతోందో ముందే చెప్పడం. 1997లో అమెరికాలో వెండీ లెవిన్సన్ అనే వైద్యురాలి బృందం, రోగులు ఎన్నడూ కోర్టుకు లాగని సాధారణ వైద్యులను, లాగిన వైద్యులతో పోల్చింది. కోర్టుకెక్కని వైద్యులు రోగితో గడిపింది సగటున మూడు నిమిషాలే ఎక్కువ. కానీ ఆ నిమిషాల్లో వాళ్లు "ముందు పరీక్ష చేస్తాను, తర్వాత మాట్లాడుకుందాం, మీ అనుమానాలు అప్పుడు అడగండి" అని దారి చెబుతున్నారు. నవంబరులో పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రాల వరస మీకు తెలిసిందే. ఏళ్ల తరబడి మిరపకాయలు కోసిన వేళ్లకు గీతలు అరిగిపోయి ముద్ర పడదు. నాలుగోసారి యంత్రం ఎర్రదీపం చూపించేసరికి ఆ ముసలమ్మ "నేను బతికే ఉన్నాను గదా నాయనా" అంటుంది. వరసలో వెనకవాళ్లు గొణుగుతారు. అక్కడ "మామ్మా, రెండు వేళ్లు చూద్దాం, పడకపోతే ముఖం ఫొటోతో చేసే పద్ధతి ఉంది, మీ పింఛను ఎక్కడికీ పోదు" అని ముందే ఒక్క మాట చెబితే ఆవిడ చేయి వణకడం ఆగుతుంది. ఆ మాటకు మీ ముఖం మీద నవ్వు లేకపోయినా ఏమీ కాదు.

తప్పు చేసినవారిని ఏమీ అనకూడదా? అనాలి. వోచరు ఎలా తప్పిందో ఆమె వివరించాలి, అవసరమైతే రాతపూర్వకంగా ఇవ్వాలి, ఖాతా నంబరు నమోదు చేశాక పేరు చదివి సరిచూసుకోవడం అలవాటు చేసుకోవాలి. డబ్బు విషయంలో మెతకదనం చూపమని ఏ పాత మేనేజరూ చెప్పడు. అయితే రెండు తప్పులను వేరు చేయండి. అంకె తప్పు కొట్టడం ఒకటి, చెప్పకపోవడం రెండోది. మొదటిది ఆమెది, పాస్ చేసినవారిది. రెండోది ఆమెదీ మీదీ. మీ వంతు మీరు ముందు తీసుకుంటేనే ఆమె వంతు గురించి మాట్లాడే అర్హత వస్తుంది.

అందుకని క్షమాపణ చెప్పండి. నెల గడిచిపోయిందని వదిలేయకండి, నెల తర్వాత చెప్పిన క్షమాపణకు బరువు ఇంకా ఎక్కువ. ముందు ఆమెతో విడిగా ఒక్క నిమిషం మాట్లాడి, "అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెప్పాలనుకుంటున్నాను, మీకు ఇబ్బందా?" అని అడగండి. ఆమెకు ఇష్టం లేకపోతే ఆ నిమిషంలోనే చెప్పేయండి. సరే అంటే, ఉదయం తలుపులు తీయకముందు సిబ్బంది అంతా ఉన్నప్పుడు నాలుగు వాక్యాలు చాలు, వోచరు పాస్ చేసింది మీరు కాకపోతే మూడోది వదిలేయండి. "ఆ రోజు నేను మీ మీద అరిచాను. అది తప్పు. ఆ వోచరు పాస్ చేసింది నేను, సరిగా చూసుకోలేదు. ఇకమీద తప్పు జరిగితే నాకు వెంటనే చెప్పండి, ముందు దాన్ని సరిచేద్దాం." దీని చివర "కానీ మీరు కూడా" అని ఒక్క మాట చేర్చినా మొత్తం పోతుంది. ఆమె ముఖం వెంటనే విప్పారుతుందని ఆశించకండి. ఆమె ఏమీ అనకుండా తన సీటుకు వెళ్లిపోవచ్చు. అది ఆమె హక్కు. ఆమెను "నువ్వు" అన్నారని మీ ఉత్తరంలోనే రాశారు. మేనేజర్ గారిని "గారు" అన్నారు. ఆ తేడాను కూడా ఆ రోజు నుంచే సరిచేసుకోండి.

ఆ తర్వాత అసలు పరీక్ష ఒక సాధారణ మధ్యాహ్నం వస్తుంది. ఎవరో ఒకరు, బహుశా ఆమె కాదు, ఇంకా ధైర్యవంతుడైన మరొకరు, చిన్న తప్పు పట్టుకుని మీ బల్ల దగ్గరికి వస్తారు. మీరు మారారో లేదో చూడటానికి మిగతావాళ్లంతా కంప్యూటర్లలో తలదూర్చి వింటూ ఉంటారు. "కూర్చోండి" అన్న మాట అప్పటికి నాలుక చివర సిద్ధంగా ఉంచుకోండి.

ప్రమోషన్ ఇంటర్వ్యూ గురించి ఎక్కువ చెప్పను. బృందంతో మీ అనుభవం చెప్పమని అడిగినప్పుడు ఈ వోచరు సంగతే చెప్పండి, మీ తప్పుతో సహా, తర్వాత మీరు మార్చిన పద్ధతితో సహా. తమ వైఫల్యాన్ని ఇంత స్పష్టంగా చెప్పగలిగేవారు ఇంటర్వ్యూ బల్లకు ఇవతల అరుదుగా కూర్చుంటారు. కోర్సు సంగతి ఆరు నెలల తర్వాత ఆలోచించుకోవచ్చు. అప్పటికి అవసరం ఉంటే చేరండి.

ఇక ఇల్లు. మీ పాప వయసు రాయలేదు గాని, బండి చప్పుడుకు టీవీ ఆపడం నేర్చుకుందంటే ఆ క్లర్కు అమ్మాయి చేసిన పనే ఆ పిల్లా చేస్తోంది. రేపు బడిలో మార్కులు తగ్గినా, ఎవరైనా ఏడిపించినా, ఇంకా పెద్దది ఏదైనా జరిగినా, మీ చప్పుడుకు ముందే ఆపేస్తుంది. పాపతో ఉపన్యాసం వద్దు, క్షమాపణ కూడా ఇప్పుడే వద్దు, చిన్నపిల్లలకు అది బరువు. ఈ వారంలో ఒక రోజు బండి వీధి చివర ఆపి, ఇంటిదాకా నడిచి వెళ్లండి. టీవీ మోగుతూ ఉంటుంది. చెప్పులు విప్పి, ఏమీ అనకుండా పాప పక్కన కూర్చోండి. మొదట రిమోట్ కోసం చేయి చాపుతుంది. "ఉండనీ నాన్నా, ఇందులో ఈ కుక్కపిల్ల పేరేమిటి?" అని అడగండి.